రక్తంలో మారిన ఒక్క అక్షరం

శ్రోతలకు నమస్కారం.

మన ఎముకల లోపల మూలుగ ఉంటుంది. ఎదిగిన మనిషిలో ఆ మూలుగ సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. నేను నమస్కారం అన్న ఆ కాస్త వ్యవధిలోనే మీలో ప్రతి ఒక్కరి ఒంట్లో అన్ని కణాలు కొత్తగా వచ్చి చేరాయి. మూలుగలోని మూలకణాలు రెండుగా, ఆ రెండు నాలుగుగా, నాలుగు ఎనిమిదిగా చీలుతూ పోతేనే అవి పుడతాయి. ఏ కణమైనా రెండుగా చీలాలంటే, తనలోని డీఎన్‌ఏ మొత్తానికీ ముందుగా మరో నకలు సిద్ధం చేసుకోవాలి. ఆ పని పూర్తి కాకుండా చీలితే ఆ కణం బతకదు.

నకలు అంటే ఎంత? తల్లి నుంచి మనకు వచ్చిన డీఎన్‌ఏలో 300 కోట్లకు పైగా అక్షరాలు ఉంటాయి. తండ్రి నుంచి వచ్చినదానిలోనూ దాదాపు అంతే. రెండూ కలిపి 600 కోట్ల పైచిలుకు. కంటికి ఆనని ఒక్క కణంలో ఉన్న ఆ డీఎన్‌ఏని సాగదీసి పరిస్తే రెండు మీటర్ల పొడవు వస్తుంది. కణం చీలిన ప్రతిసారీ ఈ మొత్తాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తిరిగి రాయాలి. ఈ రాత ఎలా సాగుతుందో, అందులో ఒక్క అక్షరం తప్పితే ఏమవుతుందో ఈ రోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను. ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. ఆదిలాబాద్‌లో, భద్రాచలంలో, పాడేరు ఏజెన్సీలో పసిపిల్లలు కీళ్ళు వాచి, ఒళ్ళంతా నొప్పులతో విలవిల్లాడే సికిల్ సెల్ జబ్బు ఉంది. దానికి మూలం సరిగ్గా ఒక్క అక్షరం.

డీఎన్‌ఏలో రెండు పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. ఒక్కో పోగు మీద నాలుగు రకాల రసాయనాలు వరుసగా అమరి ఉంటాయి. అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. పొట్టిగా ఎ, టి, జి, సి అంటాం. ఇవే ఆ అక్షరాలు. ఒక పోగు మీద ఎ ఉన్నచోట, దాని ఎదుట రెండో పోగు మీద టి ఉంటుంది. జి ఉన్నచోట ఎదుట సి ఉంటుంది. ఈ జంటలు మారవు. ఎర్విన్ చార్గాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త రకరకాల జీవుల డీఎన్‌ఏని కొలిచి, దేనిలో చూసినా ఎ ఎంత ఉంటే టి అంత, జి ఎంత ఉంటే సి అంత ఉన్నాయని ముందే తేల్చాడు. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్, ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న రేమండ్ గోస్లింగ్ 1952లో ఎక్స్‌రేలతో డీఎన్‌ఏ చిత్రాన్ని తీశారు. ఆ చిత్రం ఆధారం కాకపోతే 1953 ఏప్రిల్‌లో వాట్సన్, క్రిక్ అనే శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ ఆకారానికి తాము కట్టిన నమూనాను అంత ధీమాగా ప్రకటించగలిగేవాళ్ళు కారు. ఫ్రాంక్లిన్ 1958లో, 37 ఏళ్ళకే కన్నుమూశారు. వాట్సన్, క్రిక్‌లకు, కింగ్స్ కాలేజీలోనే పనిచేసిన విల్కిన్స్‌కు 1962లో నోబెల్ వచ్చింది. ఆమెకు దక్కాల్సిన పేరు చాలా ఆలస్యంగా దక్కిందని నేను గట్టిగా నమ్ముతాను. డీఎన్‌ఏ గురించి ఎవరు మాట్లాడినా ఆమె పేరు చెప్పకుండా ముందుకు పోకూడదు.

ఈ జంటల నియమం తెలిస్తే నకలు రాసే పద్ధతి సగం తెలిసినట్టే. రెండు పోగుల్నీ విడదీస్తే, విడిపోయిన ప్రతి పోగూ తన జత ఎలా ఉండాలో తానే చెప్పగలదు. దీని మీద ఎ ఉందా, ఎదుట టి పెట్టు. జి ఉందా, సి పెట్టు. అలా వరుసగా పేర్చుకుంటూ పోతే ఒక డీఎన్‌ఏ రెండవుతుంది. చెప్పడానికి బాగానే ఉంది. నిజంగా అలాగే జరుగుతోందని రుజువేమిటి? పాత పోగులు రెండూ కలిసే ఉండిపోయి, పక్కన పూర్తిగా కొత్త జత తయారవుతుండవచ్చు కదా? పాతా కొత్తా ముక్కలు ముక్కలుగా కలిసిపోతుండవచ్చు కదా? అప్పట్లో పెద్ద పెద్దవాళ్ళే ఈ ప్రశ్నలు అడిగారు.

దీనికి జవాబు 1958లో వచ్చింది. కాలిఫోర్నియాలో మాథ్యూ మెసెల్సన్, ఫ్రాంక్లిన్ స్టాల్ అనే ఇద్దరు యువకులు చేసిన ప్రయోగం అది. జీవశాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం అదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. నత్రజనిలో మామూలు రకం ఒకటి, దానికంటే కాస్త బరువైన రకం ఒకటి ఉన్నాయి. డీఎన్‌ఏ అక్షరాలన్నిటిలోనూ నత్రజని ఉంటుంది. వాళ్ళు బాక్టీరియాకు ముందు బరువు నత్రజని మాత్రమే ఇచ్చి ఎన్నో తరాలు పెంచారు. దాంతో వాటి డీఎన్‌ఏ మొత్తం బరువెక్కింది. తరువాత ఉన్నట్టుండి వాటిని మామూలు నత్రజని ఉన్న ద్రవంలోకి మార్చారు. అక్కడి నుంచి కొత్తగా రాసే ప్రతి పోగూ తేలికగా ఉండాలి. ఒక తరం గడిచాక డీఎన్‌ఏని బయటికి తీసి, అతివేగంగా తిరిగే యంత్రంలో వేసి బరువు చూశారు. ఉన్నదంతా సరిగ్గా మధ్య బరువులో తేలింది. పూర్తి బరువుదీ లేదు, పూర్తి తేలికదీ లేదు. రెండో తరంలో చూస్తే సగం మధ్య బరువు, సగం తేలిక. దీనికి అర్థం ఒక్కటే. పుట్టిన ప్రతి డీఎన్‌ఏలోనూ ఒక పోగు పాతది, ఒకటి కొత్తది. అనుమానానికి చోటే మిగల్లేదు.

ఇప్పుడు ఈ పని చేసే ఎంజైముల సంగతి. ఒక ఎంజైము ముందు నడుస్తూ పోగుల్ని విడదీస్తుంది. దాని వెనకే డీఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము ఒక్కో అక్షరానికీ ఎదుట జత అక్షరాన్ని తెచ్చి అతికిస్తూ పోతుంది. దీన్ని 1956లో ఆర్థర్ కోర్న్‌బెర్గ్ బాక్టీరియా నుంచి విడదీసి చూపించాడు. మూడేళ్ళకే నోబెల్ అందుకున్నాడు. మనిషి కణంలో దీని వేగం సెకనుకు సుమారు 50 అక్షరాలు. లెక్క వేసి చూడండి. మన క్రోమోజోముల్లో అన్నిటికంటే పెద్దదానిలో దాదాపు 25 కోట్ల అక్షరాలున్నాయి. ఆ చివర మొదలుపెట్టి ఈ చివరికి రావాలంటే దాదాపు రెండు నెలలు పడుతుంది. కణానికి అంత తీరిక లేదు. అందుకే ఒకేచోట కాకుండా వేలాది చోట్ల రాత మొదలవుతుంది. అన్ని చోట్లా పని సాగి, ఎనిమిది గంటల్లో మొత్తం నకలు ముగుస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి. పాలిమరేజ్‌కేమో ఒక్క దిశలోనే రాయడం వచ్చు. అలాంటప్పుడు రెండో పోగుకు జత ఎలా రాస్తుంది? జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో రేజీ ఒకజాకి, ఆయన భార్య త్సునెకో ఒకజాకి ఈ చిక్కుముడి విప్పారు. ఒక పోగు మీద రాత ఏకధాటిగా సాగుతుంది. రెండో పోగు మీద కాస్త ముందుకు పోయి, వెనక్కి తిరిగి చిన్న ముక్క రాసి, మళ్ళీ ముందుకు పోయి ఇంకో ముక్క రాసి, చివరికి ఆ ముక్కలన్నిటినీ మరో ఎంజైము అతికిస్తుంది. 1968లో వాళ్ళు లోకానికి తెలియజెప్పిన ఆ ముక్కల్ని ఇవాళ్టికీ ఒకజాకి ముక్కలనే పిలుస్తారు. రేజీ ఒకజాకి పేరు గుర్తు పెట్టుకోండి. కాసేపట్లో ఆయన గురించి మరో సంగతి చెప్పాలి.

అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత వేగంగా ఇన్ని కోట్ల అక్షరాలు రాస్తుంటే తప్పులు పడవా? పడతాయి. పాలిమరేజ్ తనంతట తాను రాసేటప్పుడు సుమారు లక్ష అక్షరాలకొక తప్పు చేస్తుంది. అయితే అప్పుడే రాసిన అక్షరం సరిగ్గా జత కుదరకపోతే అక్కడికక్కడే ఆగి, దాన్ని పీకేసి, సరైనది పెట్టి ముందుకు కదులుతుంది. దాని కన్నుగప్పి మిగిలిన తప్పుల్ని వెతకడానికి వెనక వేరే ఎంజైములు వస్తాయి. జత కుదరనిచోట పోగు కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును పట్టుకుని, కొత్త పోగు మీది తప్పు ముక్కని కోసేసి, పాత పోగును చూసి తిరిగి రాయిస్తాయి. పాత పోగు చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టే ఈ దిద్దుబాటు సాధ్యమవుతోంది. ఈ దిద్దుబాటు తీరును బయటపెట్టిన పాల్ మోడ్రిచ్‌కు, డీఎన్‌ఏ మరమ్మతుల్లో వేరే దారులు కనిపెట్టిన తోమాస్ లిండాల్, అజీజ్ సంజార్‌లకు కలిపి 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఇన్ని వడపోతలూ అయ్యాక మిగిలేది 100 కోట్ల అక్షరాలకు ఒకటో, అంతకంటే తక్కువో. మనుషులు చేసే ఏ రాతపనిలోనూ ఇంత శ్రద్ధ నేను చూడలేదు.

అయినా అక్కడక్కడా ఒక తప్పు మిగులుతుంది. కణం మళ్ళీ చీలినప్పుడు ఆ తప్పక్షరమే నమూనా అవుతుంది. దానికి సరైన జత చక్కగా కుదురుతుంది. ఇక దిద్దేవాళ్ళకు అక్కడ ఏ ఉబ్బూ కనిపించదు. తప్పు శాశ్వతమవుతుంది. దీన్నే ఉత్పరివర్తనం అంటున్నాం. కరోనా రోజుల్లో మీరు వార్తల్లో రోజూ విన్న మ్యుటేషన్ ఇదే.

అక్షరం మారితే అర్థం ఎలా మారుతుందో తెలియాలంటే డీఎన్‌ఏని కణం చదివే పద్ధతి తెలియాలి. కణం అక్షరాల్ని మూడేసి చొప్పున చదువుతుంది. ఒక్కో మూడక్షరాల మాటా ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది. నాలుగు అక్షరాలతో మూడేసి కూర్చితే 64 మాటలు వస్తాయి. వాటిలో 61 అమైనో ఆమ్లాల్ని చెబుతాయి, మూడు ఇక్కడ ఆపమని చెబుతాయి. అమైనో ఆమ్లాలు వరుసగా చేరితే ప్రోటీన్ అవుతుంది. ఏ మాటకు ఏ అర్థమో తేల్చినవాళ్ళలో పంజాబ్‌లోని రాయ్‌పూర్ అనే పల్లెలో పుట్టిన హరగోబింద్ ఖొరానా ఒకరు. ఆ పల్లె ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఆయన కోరిన క్రమంలో అక్షరాల్ని రసాయనశాలలో తన చేతులతో కూర్చి, వాటిని కణరసం చేత చదివించి అర్థాలు రాబట్టాడు. 1968లో నిరెన్‌బర్గ్, హాలీలతో కలిసి నోబెల్ అందుకున్నాడు.

రేడియోలో బొమ్మ గీసి చూపలేను కాబట్టి మూడక్షరాల తెలుగు మాటలతో ఒక వాక్యం చెబుతాను, వినండి. రాముడు పలక కొనెను. మూడు మాటలు, మాటకు మూడక్షరాలు. ఇందులో 'ల' బదులు 'డ' పడిందనుకోండి. రాముడు పడక కొనెను. వాక్యం చక్కగానే ఉంది. కానీ బడికి పోవలసిన రాముడి చేతికి పలక రాలేదు, ఇంటికి పడక వచ్చింది. ఇది అక్షరం మారడం. ఇప్పుడు రాముడులోని 'ము' రాలిపోయిందనుకోండి. కణానికి మాటల మధ్య ఖాళీలు కనబడవు. అది మూడేసి చొప్పున చదువుకుంటూ పోవడమే. రాడుప, లకకొ, నెను. ఒక్క అక్షరం రాలితే అక్కడి నుంచి వాక్యమంతా అర్థం లేనిదైపోయింది. తలసీమియా అనే రక్తజబ్బు ఉన్న రోగుల్లో కొందరికి జరిగింది ఇలాంటిదే. ఇంకో రకం కూడా ఉంది. జి-ఎ-జి అన్నా, జి-ఎ-ఎ అన్నా అర్థం ఒకటే, గ్లుటామిక్ ఆమ్లం. చివరి జి పోయి ఎ వచ్చినా ప్రోటీన్‌లో మార్పేమీ ఉండదు. చాలా మ్యుటేషన్లు ఇలా ఎవరికీ తెలియకుండా ఉండిపోతాయి. మ్యుటేషన్ అనగానే భయపడనక్కర్లేదు. నిజానికి ప్రతి బిడ్డా తల్లిదండ్రులిద్దరిలోనూ లేని 60, 70 కొత్త అక్షరాలతో పుడుతుంది. వాటిలో ఎక్కువ భాగం తండ్రి నుంచి వస్తాయనీ, తండ్రి వయసు పెరిగేకొద్దీ పెరుగుతాయనీ ఐస్‌లాండ్ కుటుంబాల మీద జరిగిన పరిశోధన 2012లో తేల్చింది. బిడ్డకు ఏం జరిగినా తల్లినే నిలదీసే మన ఇళ్ళలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇక సికిల్ సెల్ కథ. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, గ్రెనడా దీవి నుంచి వచ్చిన ఒక విద్యార్థి రక్తాన్ని గురించి రాశాడు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు అందులో కొడవలి ఆకారంలో వంగి ఉన్నాయి. లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు 1949లో ఆ రోగుల ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కు విద్యుత్ తగిలిస్తే మామూలు హిమోగ్లోబిన్‌లా కాకుండా వేరుగా కదులుతోందని చూపించారు. ఒక జబ్బుకు కారణం ఒక అణువులో ఉందని లోకం మొదటిసారి చూసింది అప్పుడే. కొన్నేళ్ళకు కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ తేడా సరిగ్గా ఎక్కడుందో పట్టుకున్నాడు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. 145 యథాతథంగా ఉన్నాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ ఉంది. డీఎన్‌ఏ భాషలో చెప్పాలంటే జి-ఎ-జి కాస్తా జి-టి-జి అయింది. మధ్య అక్షరం ఎ పోయి టి వచ్చింది. అంతే.

ఆ ఒక్క మార్పు చేసే పని చూడండి. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిపోయే గుణం కలది. వాలిన్ నీటికి దూరంగా తొలగే గుణం కలది. ప్రాణవాయువు తగ్గినచోట ఒక హిమోగ్లోబిన్ మీది వాలిన్ పక్క హిమోగ్లోబిన్‌లోని సందులో ఇరుక్కుంటుంది. అది ఇంకోదానితో, అది మరోదానితో అతుక్కుంటూ పొడవాటి కడ్డీలు కడతాయి. ఆ కడ్డీలు లోపలి నుంచి పొడిచి కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. వంగిన కణం బిరుసెక్కి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడుతుంది. దాని ముందు భాగానికి రక్తం అందదు. ఆ నొప్పి భరించలేనిది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. ఇది 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. బిడ్డ పుట్టిన కొన్ని నెలలు బాగానే ఉంటుంది. గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ వేరే రకం, దానికి ఈ లోపం లేదు. ఆరు నెలలు దాటి అది తగ్గేసరికి చేతులూ పాదాలూ వాచడం మొదలవుతుంది. తల్లిదండ్రులు దిష్టి అనుకుంటారు, గాలి సోకిందనుకుంటారు, బాలింత ఏదో తినకూడనిది తిన్నదనుకుంటారు.

మన దేశంలో ఈ కణాల్ని 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో మొదట గుర్తించారు. తరువాత మధ్య భారతం పొడుగునా, మన గోదావరి ఏజెన్సీలోనూ కనిపించాయి. అడవి ప్రాంతాల్లోనే ఎందుకు? ఆఫ్రికాలో పనిచేసిన ఆంథొనీ ఆలిసన్ అనే వైద్యుడు 1954లో జవాబు చెప్పాడు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి మాత్రమే ఈ మారిన అక్షరం వచ్చినవాళ్ళకు జబ్బు రాదు, పైగా ప్రాణాంతకమైన మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది. దోమలు ముసిరే ఊళ్ళలో మామూలు రక్తం ఉన్న పిల్లలు ఎక్కువగా చనిపోతే, ఈ అక్షరం ఉన్న పిల్లలు బతికి పిల్లల్ని కన్నారు. మన్యం జ్వరానికి తరతరాలుగా పేరుపడ్డ కొండల్లో ఈ అక్షరం నిలిచిపోవడానికి కారణం ఇదే. గిరిజనుల రక్తంలో ఏదో తక్కువ ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాళ్ళ పూర్వీకుల ప్రాణాలు నిలబెట్టిన అక్షరం అది.

అన్ని మ్యుటేషన్లూ నకలు రాయడంలోని పొరపాట్లే కావు. బయటి నుంచి తగిలే దెబ్బలతోనూ అక్షరాలు మారతాయి. ఎక్స్‌రేలు తగిలిన ఈగల సంతానంలో మ్యుటేషన్లు ఎన్నో రెట్లు పెరిగాయని 1927లోనే హెర్మన్ ముల్లర్ చూపించాడు. రేజీ ఒకజాకి సంగతి చెబుతానన్నాను. ఆయన హిరోషిమాలో పుట్టినవాడు. 1945 ఆగస్టులో ఆ ఊరి మీద అణుబాంబు పడేనాటికి ఆయనకు 14 ఏళ్ళు. ఆ రేడియేషన్‌కు గురయ్యాడు. డీఎన్‌ఏ ఎలా నకలవుతుందో లోకానికి చెప్పిన ఆ మనిషి 1975లో, 44 ఏళ్ళకే లుకేమియాతో పోయాడు. త్సునెకో ఒకజాకి ఆ పరిశోధన ఆపకుండా కొనసాగించారు.

మనకు అంతకంటే దగ్గరి ప్రమాదం ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళు చాలామంది చుట్టను అడ్డపొగ తాగుతారు. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. వాళ్ళలో అంగిలికి కాన్సర్ రావడం దశాబ్దాలుగా వైద్యులు నమోదు చేస్తూనే ఉన్నారు. పొగలోని బెంజోపైరీన్ అనే పదార్థం ఒంట్లో మార్పు చెంది, డీఎన్‌ఏలోని జి అక్షరానికి అంటుకుంటుంది. నకలు రాసే ఎంజైము అక్కడికి వచ్చి దాన్ని పోల్చుకోలేక ఎదుట సి బదులు ఎ పెడుతుంది. మరుసటి నకలులో జి ఉన్నచోట టి స్థిరపడుతుంది. కణం ఎప్పుడు చీలాలో ఎప్పుడు ఆగాలో చెప్పే జన్యువులో ఇలాంటి మార్పు పడితే ఆ కణానికి ఆగడం తెలియకుండా పోతుంది. అమ్మమ్మల చేతిలోంచి ఆ చుట్ట తీయించడం కష్టమని నాకు తెలుసు. అయినా తీయించాలి. అలా అంగిలిలో మారిన అక్షరం మనవళ్ళకు రాదు, ఆ మనిషితోనే పోతుంది. అండంలోనో వీర్యకణంలోనో పడిన మార్పే తరువాతి తరానికి చేరుతుంది.

సికిల్ అక్షరం అలా చేరినదే. వేల ఏళ్ళ కిందట ఎవరిలోనో మారింది. ఆ తరువాత అది చెక్కుచెదరకుండా తరం నుంచి తరానికి రావడానికి కారణం, నకలు రాయడంలో ఇందాక మనం మెచ్చుకున్న ఆ శ్రద్ధే. డీఎన్‌ఏకి తప్పు ఏదో ఒప్పు ఏదో తెలియదు. పాత పోగు మీద ఏముంటే దానికి సరైన జత కుదర్చడమే దాని పని. తాతముత్తాతల మంచి లక్షణాల్ని ఎంత నిక్కచ్చిగా మన దాకా తెచ్చిందో, వాళ్ళలో పడిన ఒక పొరపాటునూ అంతే నిక్కచ్చిగా తెచ్చింది. అందుకే ఇందులో ఎవరి పాపమూ లేదు, ఎవరి శాపమూ లేదు. జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ మారినవే అయి ఉండాలి. ఒక ప్రతి మాత్రమే మారినవాళ్ళను వాహకులంటారు. వాళ్ళు మామూలుగా పొలం పనులు చేసుకుంటారు, ఆటలాడతారు, తమలో ఆ అక్షరం ఉందని కూడా వాళ్ళకు తెలియదు. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాహకులయ్యే అవకాశం సగం. ఏ మార్పూ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనే హామీ ఏమీ లేదు.

ఈ లెక్కలో మన మేనరికాల సంగతి చెప్పకపోతే దాచినట్టవుతుంది. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఒక్కచోటి నుంచి వచ్చినవే ఉంటాయి. బావామరదళ్ళ మధ్య ఎనిమిదో వంతు. ఇంటి పెద్దల్లో ఎవరిలోనైనా ఒక చెడు మార్పు ఉంటే, అది రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశం అక్కడ పెరుగుతుంది. సికిల్ సెల్ ఒక్కటే కాదు, ఇలా రెండు ప్రతులూ కలిస్తేనే బయటపడే జబ్బులు వందల్లో ఉన్నాయి. మేనరికం చేసుకున్నవాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. బంధుత్వాల ఆప్యాయత నాకూ తెలుసు. సంబంధం ఖాయం చేసుకునే ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి అంటున్నాను. జాతకాలు చూపించడానికి పెట్టే శ్రద్ధలో కొంత దీనికి పెట్టమంటున్నాను.

ఇప్పుడు వైద్యం సంగతి. సికిల్ సెల్ ఉన్నవాళ్ళకు వైద్యులు రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. కణాలు త్వరత్వరగా చితికిపోతుంటే మూలుగ తీరిక లేకుండా కొత్తవి తయారు చేయాలి, అంటే డీఎన్‌ఏకి నకళ్ళు రాస్తూనే ఉండాలి. టి అక్షరం తయారు కావడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది చాలకపోతే నకలు సగంలో ఆగిపోతుంది. ఈ ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం చూపిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1945లో, అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఆ పని చేసింది. అక్కడితో ఆగకుండా, ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినాప్టెరిన్‌నూ తయారు చేశారు. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. నకళ్ళు రాయలేక కాన్సర్ కణాలు నిలిచిపోయాయి. కొంతకాలమే అయినా ఆ పిల్లలు కోలుకుని ఆడుకున్నారు. ఆ ఫలితాలు 1948లో ప్రచురితమయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. డీఎన్‌ఏ ఆకారం తెలియడానికి ఐదేళ్ళ ముందే, దాని నకలును ఎలా నడిపించాలో ఎలా ఆపాలో మందుల రూపంలో చేసి చూపిన మనిషి ఆయన. భీమవరం, నర్సాపురం పిల్లలకు బడిలో ఈ సంగతి చెప్పాలి.

హైడ్రాక్సీయూరియా అనే మందు గర్భంలోనాటి హిమోగ్లోబిన్‌ను మళ్ళీ పెంచి నొప్పుల్ని తగ్గిస్తుంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా దేశాలు జన్యువును కత్తిరించి మార్చే చికిత్సకు అనుమతినిచ్చాయి. రోగి మూలకణాల్ని బయటికి తీసి, గర్భంలోనాటి హిమోగ్లోబిన్‌ను ఆపేసే మీటను చెరిపి తిరిగి ఎక్కిస్తారు. ఫలితాలు బాగున్నాయి. అయితే 2023లో అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఉట్నూరులోనో చింతూరులోనో ఉన్న పిల్లవాడికి అది అందే రోజు రావాలని కోరుకుంటున్నాను. అప్పటిదాకా మన చేతిలో ఉన్నది పరీక్ష, జాగ్రత్త, సమయానికి మందు.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టింది. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. 40 ఏళ్ళలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చూడాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఏజెన్సీలో ఉన్న శ్రోతలకు నా మనవి. పరీక్ష చేసే బృందం మీ ఊరికి వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళండి, పెళ్ళికి ఉన్నవాళ్ళు ముందు వెళ్ళండి. వేలి నుంచి ఒక్క చుక్క రక్తంతో మొదలవుతుంది. వాహకులని తేలితే దిగులుపడకండి, దాచుకోకండి. పరీక్ష ఫలితం రాసి ఇచ్చే మీ కార్డు జాగ్రత్తగా పెట్టుకుని, పెళ్ళి మాటలప్పుడు అవతలివాళ్ళ కార్డు కూడా అడగండి. ఇద్దరూ వాహకులై ఇప్పటికే పెళ్ళయినవాళ్ళు, గర్భం వచ్చిన తొలి వారాల్లోనే వైద్యుల దగ్గరికి వెళ్ళండి. మూడో నెలలోనే బిడ్డ డీఎన్‌ఏని పరీక్షించే వీలుంది. జబ్బు ఉన్న పిల్లల్ని చలికి, దాహానికి గురికానివ్వకండి. జ్వరం వస్తే రేపు చూద్దామని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ఈ జబ్బును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చేర్చారు, దానికి తగ్గ ధ్రువపత్రం కోసం అడగడం మీ హక్కు.

ఇంకొక్క మాట, అత్తమామలకు. బిడ్డకు సికిల్ సెల్ జబ్బు వచ్చిందంటే ఒక అక్షరం మీ కోడలి నుంచి, ఒకటి మీ అబ్బాయి నుంచి వచ్చినట్టు. ఆ అమ్మాయిని ఒక్క మాట కూడా అనకండి.